మెట్టనేల, ఏటి పని

జగ్గయ్యపేట చెంతనున్న ధనంబోడుపై 1882లో బర్జెసుదొర బౌద్ధస్తూపమును పరిశోధించెను. క్రీస్తుశకము 3వ శతాబ్దపు ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని శాసన మచట దొరకినది. ఆ కట్టడపు పలకలు సున్నపురాతివి. ఆ రాయి కోట్లకొలది యేండ్ల క్రిందట సముద్రగర్భమున పేరుకొన్న మడ్డియే.

కడలియడుగు నాడు గట్టయినది. ఆ గట్టు నేడు కరగుచున్నది. పగటి యెండకు ఉబ్బి, రేయి చలికి ముడుచుకొని బండ బీటలువారును. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నమును మెల్లగా కరగించును. ఆ పొడిని పాలేరును మున్నేరును కృష్ణలో కలుపుచున్నవి. దివిసీమ అట్టి యొండ్రుతోనే యేర్పడినది. అనగా దిగువ మాగాణిలో మన మెట్టమన్నును కలదు.

నందిగామ ప్రాంతపు నల్లరేగడి అంగుళము మందమున తయారగుటకు వందలయేండ్లు పట్టును. గట్టులేని చేనినుండి అది కొలది వానలకే కొట్టుకొనిపోవును. కావున వాలునకు అడ్డముగా గట్లు వేయించి, మనుమల కూటిమన్నును నిలుపుడు.