అందంగా ఉందని తవ్వి తేవద్దు.. అడవినాభిని ఇలా గుర్తుపట్టండి

అల్లవరం: మన కోనసీమలో కొండల్లేవు. కానీ వానాకాలం వస్తే ఇక్కడి నుంచి మారేడుమిల్లి వైపు టూర్లకి వెళ్లేవాళ్లు చాలామందే. తూర్పు కనుమల్లో ఈ సీజన్‌లో పూసే పువ్వు అడవినాభి. అగ్నిశిఖ అని కూడా అంటారు. దుంపల కోసం తవ్వేస్తుండటంతో చాలాచోట్ల అరుదైపోతోంది.

గుర్తులు ఇవీ:

ఆకు: కొస సన్నగా నులిపురిలా చుట్టుకుని ఉంటుంది. దాంతోనే తీగ పొదల మీదకి పాకుతుంది.

పువ్వు: ఆరు రేకులు, అంచులు అలల్లా ముడతలు. ముందు ఆకుపచ్చ కలిసిన పసుపు, తర్వాత ఎరుపు. రేకులు పైకి మడుచుకుని మంటలా కనిపిస్తాయి. ఆరు కేసరాలు పక్కలకి చాచుకుని ఉంటాయి.

దుంప: నాగలిలా వంపు తిరిగి ఉంటుంది. సంస్కృతంలో 'లాంగలి' అనే పేరు అందుకే.

తమిళనాడుకి ఇది రాష్ట్ర పుష్పం. అక్కడ విత్తనాల కోసం సాగు కూడా చేస్తారు. ఇందులోని కాల్చిసిన్‌ని గౌట్ మందుగా వాడతారు. అదే కాల్చిసిన్ మోతాదు మించితే ప్రాణం తీస్తుంది. మొక్క మొత్తం విషమే, దుంపలో మరీ ఎక్కువ. చిలగడదుంప అనుకుని తిని చనిపోయినవాళ్లూ ఉన్నారు.

పొరపాటున తింటే కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి తగ్గాయి కదా అని ఇంట్లో ఉండిపోవద్దు, అసలు ప్రమాదం ఆ తర్వాతే. వెంటనే 108కి ఫోన్ చేయండి.

పువ్వు కనిపిస్తే ఫొటో తీసుకోండి, దుంప మాత్రం అక్కడే ఉండనివ్వండి.