కాగితం లేని పనితనం: కమలాపురం గుజ్జు కార్ఖానా కార్మికుల పునఃశిక్షణకు ఒక ప్రతిపాదన

మూతబడ్డ కార్ఖానాల గురించి తెలుగులో ఎవరు కలం పట్టినా అహ్మదాబాద్‌తో మొదలుపెట్టి అహ్మదాబాద్‌తోనే ముగిస్తున్నారు. కారణం యాన్ బ్రెమన్. ఆ నగరపు బట్టల మిల్లు కార్మికుల మీద 2004లో వచ్చిన ఆయన గ్రంథం గొప్పదే, అందులో పేచీ లేదు. చిక్కల్లా దాన్ని కొలబద్దగా మార్చుకున్న మనవాళ్లతోనే. మిల్లు పోయినవాడు అసంఘటిత రంగంలోకి జారతాడు, తక్కువ కూలికి ఎక్కువ గంటలు పనిచేస్తాడు, పునఃశిక్షణ వల్ల ఒరిగేది ఏమీ ఉండదు అన్న తీర్పును వరంగల్ ఆజంజాహీ మిల్లుకూ అంటించారు, మంగపేట మండలం కమలాపురానికీ అంటించారు. సెమినార్లలో ఈ మాట వినీ వినీ విసుగెత్తి రాస్తున్న వ్యాసం ఇది.

బ్రెమన్ లెక్కలను నేను కాదనను. కార్మికుడు ఏం పోగొట్టుకున్నాడో ఆయన చెప్పినంత వివరంగా మరొకరు చెప్పలేదు. కానీ అతని చేతిలో ఏం మిగిలిందన్న ప్రశ్నకు ఆ గ్రంథంలో దక్కిన చోటు తక్కువ. అహ్మదాబాద్‌లో అది పెద్ద లోపంగా కనిపించకపోవచ్చు. అక్కడి పనితనం మగ్గానికీ రింగ్‌ఫ్రేముకూ కట్టుబడి ఉంది, పవర్‌లూమ్ వచ్చాక ఆ పనితనం ధర పడిపోయింది. 1934లో నిజాం కాలంలో మొదలై, 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లి, 2002లో మూతబడ్డ ఆజంజాహీకి కూడా ఆ వాదన కొంతవరకు నప్పుతుంది. కమలాపురానికి నప్పదు. ఏపీ రేయాన్స్‌గా మొదలై బిల్ట్ కంపెనీ చేతికి వెళ్లిన ఆ కార్ఖానా బట్ట నేయలేదు, నూలు వడకలేదు. రేయాన్ గ్రేడు గుజ్జు వండింది. 2014 ఏప్రిల్‌లో ఉత్పత్తి ఆగేదాకా అక్కడివాళ్ల చేతుల్లో ఆడింది ఆవిరి, పీడనం, పంపులు, మోటార్లు. అవి ఏ ఒక్క పరిశ్రమ సొత్తూ కావు.

జిల్లాల సంగతి ఒక మాట. 2016 అక్టోబరులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినప్పుడు కమలాపురం భూపాలపల్లిలో ఉంది. 2019లో ములుగు విడిపోయినప్పుడు అటు వెళ్లింది. గణాంకాలు జిల్లాల వారీగా చూసేవాళ్లకు ఈ కార్మికులు అందుకే సరిగా కనిపించరు. మనుషులు మాత్రం జిల్లా హద్దు చూసుకుని పనికి పోరు కదా.

ఈ వ్యాసానికి అసలు ప్రేరణ మహబూబాబాద్ జిల్లాలోని ఒక ఉప్పుడు బియ్యం మిల్లు. ఊకతో మండే బాయిలర్ దగ్గర యాభై దాటిన మనిషి నిలబడి ఉన్నాడు. మాట్లాడుతూనే గేజ్ గ్లాసు కింది కాక్ తిప్పి నీళ్లు వదిలాడు, మళ్లీ కట్టేశాడు. మట్టం చటుక్కున పైకి వచ్చిందా, నిదానంగా పాకిందా అన్నదే అతను చూస్తున్నది. నిదానంగా వస్తే లోపలి దారి మూసుకుపోతోందని, గ్లాసు చూపే మట్టం నమ్మరాదని అర్థం. ఆ తర్వాత బయటికి వచ్చి తలెత్తి పొగ గొట్టం వైపు ఒక చూపు. పొగ నల్లగా ఉంటే గాలి చాలడం లేదన్నమాట. తలుపు కొంచెం సవరించి మళ్లీ వచ్చాడు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "రేయాన్స్‌ల సార్. ఆడ పెద్ద బాయిలర్లు, ఇది దాని ముందట పిల్లది. కండ్లు ఊకెనే గ్లాసు దిక్కు పోతయి, ఏం జేస్త" అన్నాడు.

గోడకు అద్దాల చట్రంలో బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ వేలాడుతోంది. దాని మీద పేరు వేరు, ఫొటో వేరు. ఆ సర్టిఫికెట్ గల మనిషి తనిఖీ ఉన్నప్పుడే వస్తాడట. రిజిస్టరులో ఇతను హెల్పర్, జీతమూ హెల్పర్‌దే. బాయిలర్ల చట్టం 1923 నాటిది పోయి 2025లో కొత్తది వచ్చింది, అయినా సర్టిఫికెట్ ఉన్నవాడి చేతిలోనే బాయిలర్ ఉండాలన్న సూత్రం అలాగే ఉంది. చట్టం కోరిన అర్హత ఒకరి గోడ మీద, పనితనం మరొకరి చేతిలో. వీటి మధ్య ఉన్న తేడాయే ఇతని కూలి నష్టం. బ్రెమన్ పద్ధతిలో లెక్కిస్తే ఇతను 'జారినవాడు' అనే గడిలో పడతాడు. నా దృష్టిలో ఇతను చేస్తున్న పని నుంచి అంగుళం కూడా జారలేదు, హోదా నుంచే జారాడు.

రేయాన్ గుజ్జు వండడం మామూలు కాగితపు గుజ్జు వండడం కన్నా కష్టం. చెక్కలోని సెల్యులోజ్ తప్ప మిగతాదంతా వీలైనంత పోవాలి. వంట కాస్త ఎక్కువైతే దారానికి పట్టు ఉండదు, తక్కువైతే మరకలు మిగులుతాయి. డైజెస్టర్ దగ్గర పనిచేసినవాళ్లు ఉష్ణోగ్రత, పీడనం, సమయం మూడింటినీ ఒకేసారి మనసులో పెట్టుకుని షిఫ్టు గడిపినవాళ్లు. పంపు గ్లాండు దగ్గర కారే చుక్కల వేగాన్ని బట్టి ప్యాకింగ్ ఎన్నాళ్లు వస్తుందో చెప్పగలిగే ఫిట్టర్లు ఉన్నారు. గోదావరి ఒడ్డునే సారపాకలో ఐటీసీ గుజ్జు, అట్టల కార్ఖానా నడుస్తోంది. భూపాలపల్లి పక్కన చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. మణుగూరు వైపు భద్రాద్రి థర్మల్ కేంద్రం 1080 మెగావాట్లది. సింగరేణి భూపాలపల్లి ఏరియా ఉండనే ఉంది. జనగామ, మహబూబాబాద్‌లలో రైసు మిల్లులు, జిన్నింగ్ మిల్లులు. వీటన్నిటికీ కావలసింది ఈ చేతులే. అయితే కాంట్రాక్టరు గేటు దగ్గర అడిగేది ఐటీఐ కాగితం.

ఇప్పటిదాకా అందిన 'శిక్షణ' సంగతి త్వరగా ముగిస్తాను. 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి వచ్చింది. తర్వాత కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల్లో స్వచ్ఛంద విరమణ పొందినవారికి కౌన్సెలింగ్, పునఃశిక్షణ పథకం వచ్చింది. రెండింటి ఊహ ఒకటే: కార్మికుడికి ఏమీ రాదు, కొత్తగా ఏదో నేర్పాలి. ముప్పై ఏళ్లు టర్బైన్ చప్పుడు విన్నవాడిని కూర్చోబెట్టి సెల్‌ఫోను రిపేరు నేర్పే ఆలోచన ఇలాంటి ఊహ నుంచే పుడుతుంది. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోని పునఃనైపుణ్య నిధి మరీ విచిత్రం. తొలగించిన ప్రతి కార్మికుడికీ యజమాని పదిహేను రోజుల వేతనం జమచేయాలి, అది కార్మికుడి ఖాతాలో పడుతుంది. ఎవరు నేర్పాలో, ఏం నేర్పాలో అందులో లేదు. పైగా 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కోడ్ 2014లో రోడ్డున పడ్డవాళ్లకు ఏం చేస్తుంది?

అందుచేత ప్రతిపాదిస్తున్న కార్యక్రమం పరీక్షతో మొదలవుతుంది, పాఠంతో కాదు. ఐటీఐలో చదవకపోయినా తగిన పని అనుభవం చూపినవారు ప్రైవేటు అభ్యర్థులుగా అఖిల భారత ట్రేడ్ టెస్టు రాసే ఏర్పాటు ఉంది. ఆగేది అనుభవ పత్రం దగ్గర. మూతబడ్డ కార్ఖానా నుంచి ఆ పత్రం ఎవరిస్తారు? భవిష్యనిధి ఖాతాలో నెల నెలా జమల చరిత్ర ఉంది. దానికి తోడు పాత షిఫ్టు ఇన్‌ఛార్జులు ఇద్దరి వాంగ్మూలం తీసుకుని కార్మిక శాఖ ధ్రువీకరిస్తే చాలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ ట్రేడులకు ఈ దారి. బాయిలర్ పనివాళ్లకు బాయిలర్ల శాఖ పరీక్ష వేరుగా ఉంది, అక్కడ ప్రశ్నలు తెలుగులో అడగాలి. కౌశల్ వికాస్ యోజన కింద ఉన్న పూర్వ నైపుణ్య గుర్తింపు పనికిరాదు. కొద్ది గంటల పరిచయ తరగతితో ఇచ్చే ఆ కాగితాన్ని ఏ కాంట్రాక్టరూ ఖాతరు చేయడు.

పరీక్షలో ఎక్కడ తగ్గారో అక్కడే పాఠం. నేను గమనించినంతలో లోటు డ్రాయింగులు చదవడంలో, డిజిటల్ కంట్రోల్ ప్యానెళ్లలో, పీఎల్‌సీ ప్రాథమికాంశాల్లో ఉంది. 2024లో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. పదో తరగతి దాటిన పిల్లల కోసం కొన్న ఆ యంత్రాలు సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి కొత్త భవనం అడగనక్కరలేదు. డబ్బు భూపాలపల్లి బొగ్గు నుంచే వస్తుంది. జిల్లా ఖనిజ నిధికి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కనీసం 60 శాతం ఖర్చు చేయాల్సిన ప్రాధాన్య రంగాల జాబితాలో నైపుణ్యాభివృద్ధి పేరు స్పష్టంగా ఉంది.

వయసు మీరినవాళ్లకు ఇది ఆలస్యమేనన్న అభ్యంతరం, కాగితం వచ్చినా దొరికేది కాంట్రాక్టు కొలువేనన్న అభ్యంతరం నిజమే.

అయినా ఈ చేతులను లెక్కలో పెట్టుకోవడానికి మరో కారణం ఉంది. సిర్పూర్ కాగజ్‌నగర్‌ను చూడండి. కమలాపురం ఆగిన సంవత్సరమే ఆ కాగితం మిల్లూ ఆగింది. జేకే పేపర్ చేతికి వచ్చాక 2018లో తిరిగి నడిచింది. రాయితీలు, వెదురు, నీళ్లు అని కారణాలు చెబుతారు. ఆ ఊళ్లో గుజ్జు వండడం తెలిసిన చేతులు చెదరకుండా మిగిలి ఉండడమే అసలు కారణమని నేనంటాను. తెలంగాణలో మూతబడ్డ ఏ కార్ఖానా తిరిగి తెరవాలన్నా ముందు లెక్కపెట్టాల్సింది ఆ చేతులనే. కమలాపురంలో ఆ లెక్క ఇంకా తీయవచ్చు. కాలనీలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పాతవాళ్లు ఉన్నారు, ఎవరు ఏ సెక్షనులో పనిచేశారో యూనియన్ల వాళ్లకు నోటికి వచ్చు. ఉప్పుడు బియ్యం మిల్లులకు రెండు పంటల మధ్య దొరికే వెలితి రోజుల్లో మొదటి విడత ట్రేడ్ టెస్టు పెడితే, మిల్లుల్లో హెల్పర్లుగా ఉన్నవాళ్లు కూలి పోగొట్టుకోకుండా వచ్చి రాయగలుగుతారు.