అమెరికా నర్సింగ్ హోమ్‌లు: యాజమాన్యం, సేవల నాణ్యత

అమెరికాలో నర్సింగ్ హోమ్‌లంటే తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులకు, దీర్ఘరోగులకు బసతోపాటు రాత్రింబవళ్లు నర్సుల సేవ అందించే సంస్థలు. మన ఊళ్లలో ఆ పేరుతో ఉండే చిన్న ఆసుపత్రులు కావు. సుమారు 15,000 ఉన్న వీటిలో దాదాపు 70 శాతం లాభాపేక్షతో నడుస్తాయి. తక్కినవాటిలో అధిక భాగం ధార్మిక, స్వచ్ఛంద సంస్థలవి; కొన్ని ప్రభుత్వానివి.

పుట్టుక

1935 నాటి సామాజిక భద్రతా చట్టం పేద వృద్ధులకు నగదు సాయం ఏర్పాటు చేసింది. ప్రభుత్వ శరణాలయాల్లో ఉండేవారికి మాత్రం ఆ సొమ్ము ఇవ్వరాదంది. దాంతో వృద్ధులు ప్రైవేటు వసతి గృహాలకు మళ్లారు. 1954లో స్వచ్ఛంద, ప్రభుత్వ నర్సింగ్ హోమ్‌ల నిర్మాణానికి గ్రాంట్లు వచ్చాయి. ఆ దశాబ్ది చివరికి ప్రైవేటు యజమానులకూ ప్రభుత్వ రుణాలు, రుణ హామీలు దొరికాయి. 1965లో వృద్ధుల వైద్య ఖర్చుకు మెడికేర్, పేదల వైద్య ఖర్చుకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ పథకాలు వచ్చి బిల్లుల్లో పెద్ద వాటా ప్రభుత్వమే చెల్లించసాగాక, పెట్టుబడిదారులు ఈ రంగంలోకి వెల్లువెత్తారు.

నియంత్రణ

1970లలో న్యూయార్క్ నర్సింగ్ హోమ్‌లలో బయటపడిన అక్రమాలు దేశాన్ని కదిలించాయి. వైద్య విషయాలపై సలహాలిచ్చే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1986లో ఇచ్చిన నివేదిక ఆధారంగా మరుసటి ఏడాది సంస్కరణ చట్టం వచ్చింది. సిబ్బంది సౌలభ్యం కోసం రోగులను మంచాలకు, కుర్చీలకు కట్టేయడాన్ని అది నిషేధించింది.

అధ్యయనాలు

పరిశోధకురాలు షార్లీన్ హారింగ్టన్ బృందం 13,693 సంస్థల 1998 నాటి తనిఖీ వివరాలు పరిశీలించి, లాభాపేక్ష గల వాటిలో లోపాలు ఎక్కువని 2001లో తేల్చింది. 82 అధ్యయనాలను సమీక్షించిన 2009 నాటి మరో పరిశోధనలో 40 లాభాపేక్ష లేని సంస్థల వైపు, 3 లాభాపేక్ష గల సంస్థల వైపు మొగ్గాయి. మిగిలినవి ఎటూ తేల్చలేదు. అంటే ఇది సగటు ధోరణే తప్ప ప్రతి సంస్థకూ వర్తించే తీర్పు కాదు.

ముఖ్యమైన తేడా సిబ్బంది దగ్గర కనిపిస్తుంది. కదల్లేని మనిషిని రాత్రిపూట కూడా తరచూ పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఆ పనికి మనుషులు కావాలి. ఖర్చులో పెద్ద పద్దు జీతాలదే; లాభం కోసం అక్కడ కోత పెడితే మనుషులు తగ్గుతారు. అందుకే పడక పుండ్లు నాణ్యతకు ఒక కొలమానమయ్యాయి.

ఇటీవలి పరిణామాలు

2007లో పెట్టుబడి సంస్థ కార్లైల్ గ్రూప్ నర్సింగ్ హోమ్‌లు నడిపే మేనర్ కేర్ సంస్థను సుమారు 630 కోట్ల డాలర్లకు కొంది. 2011లో మేనర్ కేర్ భవనాలు అమ్మేసి, వాటినే అద్దెకు తీసుకుంది. అద్దె భారం మోయలేక సంస్థ 2018లో దివాలా తీసింది. తర్వాత దాన్ని తీసుకున్న లాభాపేక్ష లేని ప్రోమెడికా కూడా నష్టాలతో 2022లో తప్పుకుంది. ఒక్కో రోగికి రోజుకు కనీసం 3.48 గంటల సేవ అందాలని 2024లో అమెరికా కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. 2025లో టెక్సాస్ ఫెడరల్ న్యాయస్థానం దాన్ని కొట్టివేయగా, అమెరికా చట్టసభ కాంగ్రెస్ దాని అమలును 2034 వరకు నిలిపింది.