కణితి, రక్తనాళం, పాలిమర్: జూడా ఫోక్‌మన్ పరిశోధనల చరిత్ర

విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక ఆవిష్కరణకు ఒక పేరును, ఒక సంవత్సరాన్ని జతచేసి గుర్తుపెట్టుకోవడం విద్యార్థులకు అలవాటు. పరీక్షకు అది చాలవచ్చు; చరిత్రకు చాలదు. ఒక ఊహ రుజువు కావాలంటే దానికి తగిన సాధనం కూడా ఉండాలి. ఈ విషయాన్ని అమెరికన్ శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ (1933–2008) కృషి ద్వారా పరిశీలిద్దాం.

1960 దశకం ఆరంభంలో ఫోక్‌మన్ బెథెస్డాలోని నౌకాదళ వైద్య పరిశోధన సంస్థలో పనిచేశారు. అక్కడ రెండు వేర్వేరు పనులు సాగాయి. మొదటిది ఫ్రెడరిక్ బెకర్‌తో చేసినది. శరీరం నుంచి వేరుచేసి, ద్రవం ప్రవహింపజేస్తూ సజీవంగా ఉంచిన థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సర్ కణాలను ప్రవేశపెట్టారు. కణితి ఒకటి రెండు మిల్లీమీటర్ల వరకు పెరిగి ఆగిపోయింది. అదే కణితిని ఎలుకలో అమర్చితే కొత్త రక్తనాళాలు చేరి వేగంగా పెరిగింది. రెండవది డేవిడ్ లాంగ్‌తో చేసినది. కొన్ని పదార్థాలు సిలికాన్ రబ్బరు గోడగుండా నెమ్మదిగా బయటకు వస్తాయని వారు గమనించి, 1964లో ప్రచురించారు. ఈ రెండు పనులకు సంబంధం ఉంటుందని అప్పటికి ఎవరూ అనుకొని ఉండరు.

1971లో ఫోక్‌మన్ ఒక వైద్య పత్రికలో తన ప్రతిపాదనను వివరించారు. కణితి కొన్ని రసాయనాలను విడుదల చేసి రక్తనాళాలను తనవైపు రప్పించుకొంటుందని, ఆ నాళాలను అడ్డుకొంటే కణితి పెరుగుదల ఆగుతుందని దాని సారాంశం. నూతన రక్తనాళాలు పుట్టే ఈ ప్రక్రియనే ఆంజియోజెనిసిస్ అంటారు. పలువురు శాస్త్రవేత్తలు దీనిని అంగీకరించలేదు. కణితి వద్ద కనిపించే నాళాలు కేవలం వాపు ఫలితమని వారి వాదన. ఈ ఆక్షేపణ అసమంజసమైనది కాదని గమనించండి. రసాయనాన్ని చూపనంతవరకు ప్రతిపాదన ఊహగానే మిగులుతుంది.

దానిని చూపడం ఎలా? కంటి కార్నియాలో సహజంగా రక్తనాళాలు ఉండవు. అక్కడ పరీక్షించే పదార్థాన్ని ఉంచితే నాళాలు వస్తున్నాయో, ఆగుతున్నాయో స్పష్టంగా కనబడుతుంది. అయితే ఆ పదార్థం రోజుల తరబడి కొద్దికొద్దిగా విడుదల కావాలి. ప్రోటీన్ల వంటి పెద్ద అణువులు ఘన పాలిమర్‌గుండా రాలేవన్నది నాటి సాధారణ అభిప్రాయం. 1974లో ఫోక్‌మన్ ప్రయోగశాలలో చేరిన కెమికల్ ఇంజనీరు రాబర్ట్ లాంగర్ దీనిని తప్పని చూపారు. లాంగర్, ఫోక్‌మన్‌ల పరిశోధన పత్రం 1976లో వెలువడింది. మృదులాస్థిలో నాళాల పెరుగుదలను నిరోధించే పదార్థం ఉందనీ అదే ఏడాది ఆ బృందం ప్రకటించింది. క్యాన్సర్ జీవశాస్త్రమూ, బయోమెటీరియల్స్ శాస్త్రమూ ఇక్కడ కలిశాయి.

తరువాతి ఘట్టాలు రెండు దారులలో నడిచాయి. అణుజీవశాస్త్రం వైపు, 1989లో నెపోలియన్ ఫెరారా బృందం వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీన్‌ను గుర్తించింది. దానిని అడ్డుకొనే బెవాసిజుమాబ్ ఔషధానికి 2004లో అమెరికాలో అనుమతి లభించింది. పదార్థశాస్త్రం వైపు, మెదడు కణితిని తొలగించిన చోట ఉంచే, మందుతో కూడిన పాలిమర్ బిళ్లకు 1996లో అనుమతి వచ్చింది.

దీనిని విజయగాథగా మాత్రమే చదవకండి. 1998లో ఎలుకలలో వచ్చిన ఫలితాలను పత్రికలు గొప్పగా ప్రచారం చేయగా, రోగులు, వారి కుటుంబాలు ఎంతో ఆశపెట్టుకొన్నారు. మనుషులలో ఆ మందులు ఆ స్థాయి ఫలితాన్ని ఇవ్వలేదు. బెవాసిజుమాబ్ కూడా, వ్యాపించిన పెద్దపేగు క్యాన్సర్ రోగులపై జరిగిన ప్రధాన పరీక్షలో, మధ్యగత జీవితకాలాన్ని 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెంచింది. సుమారు అయిదు నెలలు. ఒక కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. అయినా, వ్యాధి నయం కావడం వేరు. ఈ రెండింటి మధ్య తేడాను చెరపకుండా రాయడమే చరిత్రకారుని బాధ్యత.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. కార్నియా పరీక్షకు పాలిమర్ అవసరం ఎందుకు కలిగింది?
2. 1971 నాటి ఆక్షేపణలు ఈ పరిశోధనకు ఏ విధంగా తోడ్పడ్డాయని మీరు భావిస్తారు?