ఈమ్ ఊళ్ళో ఇళ్ళ ముందు బోర్డులు

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ కొండల మధ్య ఈమ్ అని ఒక చిన్న ఊరుంది. రాతి గోడల పాత ఇళ్ళు, గుమ్మాల దగ్గర పూలమొక్కలు, ఆ పక్కనే సెయింట్ లారెన్స్ చర్చి. ఫొటోలో చూస్తే క్యాలెండర్ బొమ్మలా ముచ్చటగా ఉంటుంది. కానీ చర్చి దగ్గర వరసగా ఉన్న ఇళ్ళ ముందు బోర్డులు కనిపిస్తాయి. ఈ ఇంట్లో ఎవరెవరు ఉండేవారు, వాళ్ళలో ఎవరు పోయారు అని వాటి మీద రాసి ఉంటుంది. వాటిని ప్లేగు కాటేజీలు అంటారు.

అందులో ఒకటి మేరీది. మొదటి భర్త పోతే ఇద్దరు కొడుకులతో మళ్ళీ పెళ్ళి చేసుకుంది. 1665లో వాళ్ళింట్లో ఉంటున్న దర్జీ జార్జ్ వికర్స్‌కి లండన్ నుంచి బట్టల మూట వచ్చింది. తడిగా ఉన్నాయని మంట దగ్గర ఆరేశాడట. మనమైనా అదే చేస్తాం కదా! ఆ బట్టల్లోని గోమార్లతోనే ప్లేగు వచ్చిందని చెబుతారు. సెప్టెంబర్ 7న దర్జీ పోయాడు. కొద్దివారాల్లో మేరీ కొడుకులిద్దరూ, మరుసటి ఏడు భర్త. ఆవిడ మాత్రం బతికింది. మొత్తం పదముగ్గురు బంధువుల్ని పోగొట్టుకుందని బోర్డు మీద ఉంది. పక్కనే రోజ్ కాటేజీలో థోర్ప్ వాళ్ళు తొమ్మిదిమంది, ఒక్కరూ మిగల్లేదు.

1666 జూన్‌లో చర్చి ఫాదరీ విలియం మాంపెసన్, అంతకుముందు ఆ పనిలో ఉన్న థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్ళని ఒప్పించారు. ఎవరూ ఊరు దాటకూడదు. చర్చి మూసేసి ప్రార్థనలు బయట లోయలో, దూరదూరంగా నిలబడి చేసుకోవాలి. ఎవరింట్లో పోయినవాళ్ళని ఆ ఇంటివాళ్ళే పూడ్చుకోవాలి. పొరుగూరివాళ్ళు పొలిమేర రాయి దగ్గర తిండి పెట్టి వెళ్ళేవారు. రాతి గుంటల్లో వెనిగర్ పోసి, అందులో డబ్బులు వేసేవారు వీళ్ళు. 2020లో మన పల్లెల్లో బయటివాళ్ళు రాకుండా ముళ్ళకంపలు అడ్డం వేశారు గుర్తుందా? ఈమ్ వాళ్ళు తమ రోగం బయటికి పోకూడదని తమకి తామే కంప వేసుకున్నారు.

చరిత్రలో మాంపెసన్ పేరే ఎక్కువ వినిపిస్తుంది. నాకు మాత్రం ఆ మూడో నియమం దగ్గర మనసు ఆగిపోయింది. ఊరి చివర రైలీ పొలంలో ఎలిజబెత్ హాంకాక్ ఉండేది. ఆ ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ ఒంటరిగా పూడ్చుకుంది. శవాల కాళ్ళకి గుడ్డ కట్టి తనే పొలంలోకి లాక్కెళ్ళిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్కో గొయ్యి తవ్వుతుంటే ఇంట్లో ఇంకొకరు మూలుగుతూ ఉండుంటారు. అన్నం వండిందా, తిన్నదా? ఎవరూ రాయలేదు.

మాంపెసన్ తన పిల్లలిద్దర్నీ ముందే యార్క్‌షైర్ పంపేశాడు. తప్పని నేననను, పంపే చోటుంటే ఏ తల్లైనా పంపేస్తుంది. భార్య కేథరిన్ మనమూ వెళ్ళిపోదామని బతిమాలిందట. ఆయన కదలనంటే తనూ ఉండిపోయింది, ఆగస్టు 25న పోయింది. కానీ ఊళ్ళో చాలామందికి వెళ్ళడానికి చోటే లేదు. అందరిదీ ఒకే రకం త్యాగం అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

పద్నాలుగు నెలల్లో దాదాపు 260 మంది పోయారు. కేథరిన్ సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. ఏటా ఆగస్టు చివరి ఆదివారం దాని మీద పూలు పెడతారు. హాంకాక్ వాళ్ళ ఏడు సమాధులు ఊరి బయట పొలంలో, గుండ్రటి రాతి గోడ మధ్య ఉన్నాయి. ఎలిజబెత్ సమాధి వాటిలో లేదు. తను బతికింది.