భూకంపమూ, కిడ్నీలూ, మన ఉద్దానమూ

మన తీరానికి భూకంపంతో పరిచయం తక్కువ. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో భూమి కంపించినప్పుడు మా మూలపేటలో మంచాలు ఊగితే వీధిలోకి వచ్చి, కాసేపు మాట్లాడుకుని మళ్ళీ పడుకున్నాం. మనల్ని పడగొట్టేది గాలి. అయినా భూకంపాల్లో ఆసుపత్రి సిబ్బంది గురించి రాయడానికి కారణం ఉంది. కిడ్నీ రోగి లేని వీధి ఉద్దానంలో అరుదు. భూకంపానికీ కిడ్నీకీ ఉన్న సంబంధం మాత్రం చాలామందికి తెలియదు.

1941లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో బైవాటర్స్, బీల్ అనే డాక్టర్లు ఒక సంగతి గమనించారు. శిథిలాల కింద గంటల తరబడి కాళ్ళు నలిగినవారు బయటికి తీసినప్పుడు బాగానే ఉండేవారు. తరవాత మూత్రం తగ్గిపోయి, వారం తిరిగేసరికి చనిపోయేవారు. నలిగిన కండరంలోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీలను పాడుచేస్తాయి. వాటిలో పొటాషియం గుండెనే ఆపేస్తుంది. అందుకే చిక్కుకున్న మనిషి చెయ్యి ఒకటి బయటికి కనబడినా, ముందు దానికి సెలైను పెట్టి తరవాత రాయి తీయాలని ఇప్పుడు నేర్పుతారు.

1988 డిసెంబరు 7న ఆర్మీనియా భూకంపంలో వందలమందికి ఇలాగే కిడ్నీలు పోయాయి. మిషన్లు విదేశాల నుంచి విమానాల్లో వచ్చినా, సరైన ఏర్పాటు లేక గందరగోళమైంది. ఆ అనుభవంతో అంతర్జాతీయ నెఫ్రాలజీ సంఘం ఒక సహాయక దళాన్ని ఏర్పరచింది. 1999 ఆగస్టు 17న టర్కీలో భూకంపం వచ్చినప్పుడు ఆ దళం సాయపడింది. కిడ్నీలు దెబ్బతిన్న 639 మందిలో 477 మందికి డయాలిసిస్ చేశారు, ఎక్కువమంది బతికారు.

ఇక అప్పటికే మంచం మీదున్న రోగి సంగతి. 1971 ఫిబ్రవరి 9న కాలిఫోర్నియాలో ఆలివ్ వ్యూ అనే కొత్త ఆసుపత్రి భవనం దెబ్బతింది. అక్కడ ఇద్దరు రోగులు పోయింది గోడ కూలి కాదు, కరెంటు పోయి శ్వాస మిషన్లు ఆగి. జపానులో డయాలిసిస్ గదుల్లో మంచం చక్రాలు బిగించి, మిషను చక్రాలు వదిలేస్తారట. అప్పుడది దొర్లుతుంది గాని పడదు. కరెంటు పోతే నర్సు చేత్తో పిడి తిప్పి రక్తాన్ని రోగి ఒంట్లోకి పంపాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి, కరెంటు లేదు. మా వియ్యంకుడు గారికి వారానికి రెండు డయాలిసిస్‌లు. ఆ వారం తప్పిపోయాయి. తాగునీరు లేక, రాలిన బొండాలే అందరికీ ఆధారం. మూడో రోజున పడిన చెట్లు దాటుకుంటూ ఒక ఏఎన్ఎం అమ్మాయి వచ్చింది. ఆయన చేతిలో బొండం చూసి లాక్కున్నంత పని చేసింది. "తాతగారూ, అది మీకు విషం, నోట పెట్టకండి" అంది. కొబ్బరి నీళ్ళ నిండా పొటాషియమే! చెట్ల మధ్యే పుట్టి పెరిగినవాళ్ళం, ఆ మాట మాకెవరికీ తట్టలేదు. ఐదో రోజున ట్రాక్టరు మీద కూర్చోబెట్టి ఆయన్ని ఆసుపత్రికి చేర్చాం.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. ఒక్క డయాలిసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి. రోడ్లు మూసుకుపోతే డయాలిసిస్ కేంద్రాల్లో ఎన్ని రోజుల నీరు, జనరేటరుకు ఎన్ని రోజుల డీజిలు నిల్వ ఉంటాయో అధికారులను మన సంఘం రాతపూర్వకంగా అడగాలని నా మనవి. ఆ కాగితం రాసే పని నేనే చేస్తాను.