అమెరికాలో కొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండితే: డ్రాఫ్ట్ నమోదు గురించి ఏం చెప్పాలి?

అమెరికాలో స్థిరపడిన దళిత కుటుంబాల్లో కొడుక్కి పద్దెనిమిదేళ్లు రాగానే ఒక భయం మొదలవుతుంది. సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు రాయించుకుంటే మిలిటరీకి తీసుకుపోతారా? తీసుకుపోరు. నమోదు వేరు, డ్రాఫ్ట్ వేరు. నమోదు అంటే పేరు, చిరునామా ప్రభుత్వం దగ్గర ఉండటం. డ్రాఫ్ట్ అంటే సైన్యంలోకి నిర్బంధంగా పిలవడం. అది 1973లోనే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి. 1975లో నమోదును కూడా ఆపేశారు. సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లోకి వెళ్లాక కార్టర్ ప్రభుత్వం 1980లో దాన్ని తిరిగి తెచ్చింది.

ఎవరికి వర్తిస్తుంది?

18 నుంచి 25 ఏళ్ల మగవాళ్లకు. పౌరులతో పాటు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు, కాగితాలు లేనివాళ్లు కూడా దీని కిందికి వస్తారు. ఎఫ్-1, హెచ్-4 వంటి వీసాల మీద చట్టబద్ధంగా ఉన్నవాళ్లకు అవసరం లేదు. కానీ 26 ఏళ్లు నిండకముందే గ్రీన్‌కార్డు వచ్చినా, వీసా హోదా పోయాక అక్కడే ఉండిపోయినా ఆ మినహాయింపు పోతుంది. హెచ్-4 మీద పెరిగిన పిల్లలకు 21 ఏళ్లకు ఆ హోదా ముగుస్తుంది కాబట్టి మన కుటుంబాలు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి.

చేయించుకోకపోతే?

చట్టం ప్రకారం అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. కొన్ని దశాబ్దాలుగా ఇలాంటి కేసులు పెట్టడం లేదు. అసలు దెబ్బ మరోచోట తగులుతుంది: ఫెడరల్ ఉద్యోగాలు అందవు, పౌరసత్వ దరఖాస్తు చిక్కుల్లో పడుతుంది. 26 నిండాక నమోదు కుదరదు. ఫెడరల్ విద్యార్థి సాయానికి మాత్రం ఈ షరతును ఇప్పుడు తీసేశారు.

యుద్ధాన్ని వ్యతిరేకిస్తే?

నమోదు చేసుకున్నంత మాత్రాన యుద్ధానికి ఒప్పుకున్నట్టు కాదు. మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టనని చెప్పే హక్కు ఉంది, అయితే దాన్ని పిలుపు వచ్చినప్పుడే కోరాలి. 1967లో సైన్యంలో చేరనన్న మహమ్మద్ అలీకి పడిన శిక్షను 1971లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఎవరి కొడుకులు వెళ్లారు?

మనం కొడుకుతో మాట్లాడాల్సిన అసలు సంగతి ఇదే. వియత్నాం యుద్ధకాలంలో కాలేజీలో చదివేవాళ్లకు వాయిదాలు దొరికేవి. కాలేజీ మెట్లెక్కలేని పేద, నల్లజాతి యువకులకు ఆ దారి లేదు. విమర్శలు పెరిగాక 1971 చట్టం ఆ వాయిదాలకు కత్తెర వేసింది. ఇప్పటి నిబంధనల ప్రకారం డ్రాఫ్ట్ వచ్చినా విద్యార్థికి నడుస్తున్న సెమిస్టర్ పూర్తయ్యేవరకే గడువు, చివరి ఏడాదిలో ఉంటే ఆ ఏడాది ముగిసేవరకు.

వెట్టి బరువు తెలిసిన మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధిస్తుంది. ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించవచ్చు గానీ, అందులో మతం, జాతి, కులం, వర్గం పేరుతో వివక్ష చూపరాదని అదే అధికరణం చెబుతుంది. భారత సైన్యంలో చేరిక నేటికీ స్వచ్ఛందమే.

కాబట్టి కొడుకును బెదిరించొద్దు, అతని తరఫున మనమే ఫారం నింపేసి ఊరుకోవద్దు. వీసా హోదా, వయసు, తాజా నిబంధనలు కలిసి చూసుకోండి. నమోదైన రుజువు కాగితాన్ని పౌరసత్వ కాగితాలతో పాటు దాచుకోండి.